31 శాతం ఓట్లు, 15 సీట్లు

ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో ఓడిపోయింది. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలొచ్చాయి. 1952లో ఆంధ్ర జిల్లాల్లో 40కి పైగా సీట్లు గెలిచిన కమ్యూనిస్టులు ఈసారి అధికారానికే వస్తారనుకున్నారు. కాంగ్రెస్ మాత్రం నిడుబ్రోలు రంగాగారి కృషికార్ లోక్ పార్టీనీ, ప్రజాపార్టీనీ కలుపుకుని బరిలోకి దిగింది. చీలిన ఓట్లు ఒక్కటయ్యాయి. 196 సీట్లలో ఆ కూటమికి 146 దక్కాయి. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు పడ్డా వచ్చినవి 15 సీట్లే. ఓట్ల దామాషాలో పంచితే 60 దాటేవి.

ఇది పాత కథ కాదు. 2019లో 39 శాతం ఓట్లతో తెలుగుదేశానికి 175లో 23 సీట్లొచ్చాయి. 2024లో దాదాపు అంతే శాతంతో వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చినవి 11. ఓడిన పక్షం ఓటరు గొంతు ఈసారి ఇటు మూగబోతే, మరోసారి అటు.

జర్మనీలో ఓటరుకు రెండు ఓట్లు: ఒకటి తన నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది పార్టీకి. పార్టీ ఓట్ల శాతమే సభలో బలాన్ని తేలుస్తుంది; నియోజకవర్గాల్లో గెలిచినవి పోను మిగతా సీట్లు పార్టీ ఇచ్చిన జాబితా నుంచి నిండుతాయి. న్యూజిలాండ్ 1996 నుంచి ఇదే దారిలో ఉంది. రేపల్లెలాంటి చోట ఈ పద్ధతిలో నాకు నచ్చేది మొదటి ఓటే. కాలువ చివరి పొలానికి నీరందకపోతే రైతు వెళ్లి నిలదీయడానికి తన ఎమ్మెల్యే ఒకరుండాలి కదా! అచ్చంగా జాబితాలతోనే నడిచే పద్ధతిలో ఆ మనిషి ఉండడు.

చిక్కులూ ఉన్నాయి. జాబితాలో ముందెవరో పార్టీ పెద్దలే రాస్తారు; మన పార్టీల్లో అది డబ్బున్నవాళ్లకు దొడ్డిదారి కావచ్చు. 598 మందితో ఉండాల్సిన జర్మనీ సభ 2021లో 736కు ఉబ్బింది. దాన్ని 630కి బిగించాక, 2025లో నియోజకవర్గంలో మొదట నిలిచిన 23 మందికి సభలో చోటే దక్కలేదు. ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే మంత్రివర్గం ఎంత అస్థిరమో 1954లోనే చూశాం.

అయినా జాబితాను పార్టీ సభ్యులే రహస్య ఓటుతో ఖరారు చేయాలన్న షరతుతో ఈ పద్ధతిని మనం ప్రయత్నించాలి. తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999లోనే లోక్‌సభ సీట్లను నాలుగో వంతు పెంచి, పెరిగినవాటిని జాబితాలతో నింపాలని సిఫారసు చేసింది. అది నేటికీ అమలు కాలేదు.