చిన్న రైలు, మూడు వరసల బోర్డు

మా ఇంట్లో మేడ మీద గదిలో ఒక బల్ల ఉంది. 8 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. దాని మీద ఒక రాతి స్టేషను, గుండ్రంగా తిరిగి వచ్చే పట్టాలు, ఒక చింతచెట్టు, పదిపన్నెండు మంది మనుషుల బొమ్మలు ఉన్నాయి. చూసినవాళ్లు మొదట అడిగే మాట "పిల్లల కోసమా?" అని. కాదు. అది మా అవ్వ ముప్పై ఏండ్లు ఎక్కి దిగిన రైలు. ఇప్పుడు ఆ రైలు లేదు, అందుకే కట్టినాము. కట్టేటప్పుడు రెండు చోట్ల తప్పు చేసినాము. ఆ తప్పుల వల్లనే మా ఇంటి చరిత్ర మాకు కొంచెం అర్థమయింది. ఈసారి ఆ సంగతి రాస్తున్నాము.

ముందు అసలు రైలు గురించి చెప్పాలి. మైసూరు సంస్థానం కాలంలో, 1913లో, అప్పట్లో బౌరింగ్‌పేట అని పిలిచిన బంగారుపేట నుండి కోలారుకు ఒక చిన్న రైలు దారి వేసినారు. 1915లో ఇటు యలహంక నుండి చిక్కబళ్లాపురానికి ఇంకొకటి వేసినారు. తరువాత రెండూ కలిసినాయి. యలహంక, దేవనహళ్లి, నంది, చిక్కబళ్లాపురం, శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం, కోలారు, బంగారుపేట అని దాదాపు 150 కిలోమీటర్ల దారి. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. ఇప్పటి బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. దాంట్లో సగం కూడా కాదు. దూరం తగ్గితే నేల తక్కువ కావాలి, పట్టా తేలికగా ఉంటే చాలు, కొండల పక్కన వంపులు తిప్పుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది. పెద్ద రైలు రాని ఊర్లకు రైలు రావాలంటే అప్పట్లో అదే దారి.

ఈ రెండు ముక్కలూ తెరిచినప్పుడు మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1912 నుండి 1918 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నారు. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి చిక్కబళ్లాపురం పక్కనే. ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్రలో ఊరు. మన మాదిరి ఇండ్లలో ఆయన పేరు ఎత్తితే "మనవాడే" అనటం అలవాటు. నిజమే కానీ, ఆయన పని చేసింది మైసూరుకు, మైసూరు మనిషిగా. ఈ మాట తరువాత మళ్లీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

ఆ దారి పొడుగునా ఊర్లలో తెలుగు ఇండ్లు చాలా ఉన్నాయి. చింతామణి పక్కన కైవారంలో నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు చెప్పినారు. అంటే అక్కడ రెండు భాషలూ ఒకే నోటిలో ఉండటం కొత్త కాదు. మా అవ్వ పుట్టిల్లు చింతామణి వైపు, మెట్టినిల్లు నంది వైపు. పండగకు, పెండ్లికి, పురుడుకు ఆమె పోయింది ఈ రైల్లోనే. మా నాయన, చిన్నాయన కిటికీ పక్కన కూర్చుని కండ్లలో బొగ్గు నలుసులు పడితే ఏడ్చినారంట.

1990లలో రెండు చివరలూ బ్రాడ్‌గేజ్ అయినాయి. మధ్యలో చిక్కబళ్లాపురం, కోలారు ముక్క 2013లో పెద్ద రైలుకు తెరుచుకుంది. మంచిదే, దాని మీద మాకు ఫిర్యాదు లేదు. కానీ పాత ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు పోయినాయి. యలహంక, చిక్కబళ్లాపురం మధ్య కొన్ని రాతి స్టేషన్లు మాత్రం నిలిచినాయి. బెట్టహలసూరు, దొడ్డజాల, దేవనహళ్లి, ఆవతిహళ్లి, నంది హాల్ట్ అని అయిదు. పాత కట్టడాల కోసం పని చేసే ఇన్‌టాక్ సంస్థ బెంగళూరు వాళ్లు వీటిని బాగు చేయాలని పూనుకున్నారు. రాయి గోడలు, మంగళూరు పెంకుల కప్పు. అవ్వ దిగింది నంది స్టేషన్లో. కట్టడం ఇంకా ఉంది కాబట్టి టేపు పెట్టి కొలవవచ్చు. అందుకే మేము నందిని ఎంచుకున్నాము.

ఇప్పుడు లెక్క. ప్రపంచంలో ఎక్కువ మంది వాడే నమూనా రైలు కొలత 1:87, దాన్ని హెచ్‌ఓ స్కేల్ అంటారు. అసలు వస్తువును 87తో భాగించాలి. 762ను 87తో భాగిస్తే 8.76 మిల్లీమీటర్లు వస్తుంది. అంగట్లో దొరికే ఇంకో చిన్న కొలత, ఎన్ గేజ్ పట్టా, 9 మిల్లీమీటర్లు. అంటే ఎవరో మన చిన్న రైలు కోసమే చేసిపెట్టినట్టు సరిపోయింది. ఇంజన్ మాత్రం ఎక్కడా దొరకదు. ఎన్ గేజ్ ఇంజన్ చట్రం, మోటారు తీసుకుని, పైన ప్లాస్టిక్ రేకు కోసి అతికించి మన ఇంజన్ ఆకారం తెచ్చినాము. 12 వోల్టుల కరెంటుతో నడుస్తుంది.

అయితే 87 మాకు ఒక్క దగ్గర కూడా కనికరం చూపలేదు. మా బల్ల పొడవు అసలు నేల మీద 212 మీటర్లు మాత్రమే. 150 కిలోమీటర్ల దారిని పూర్తిగా కట్టాలంటే 1,700 మీటర్ల బల్ల కావాలి. మనిషి 2 సెంటీమీటర్లు కూడా ఉండడు. నంది కొండ సముద్ర మట్టానికి 1,478 మీటర్లు, చుట్టూ నేల నుండి చూస్తే అయిదు వందల మీటర్లకు పైనే. 87తో భాగించినా దాదాపు 6 మీటర్లు, మా మేడ కప్పు దాటిపోతుంది. కొండను వెనక అట్ట మీద రంగులతో వేసుకున్నాము. ఇంకో విచిత్రం బల్ల కోసినాక తెలిసింది. దాని వెడల్పు రెండున్నర అడుగులు, అంటే సరిగ్గా ఆ పాత రైలు పట్టాల మధ్య దూరం. ఇంత వెడల్పు మీద చింతామణి దాకా జనం పోయినారా అని మేము చాలాసేపు బల్లనే చూస్తూ ఉండిపోయినాము.

ఇలా పోయినదాన్ని బల్ల మీద దాచుకోవటం మాతో మొదలు కాలేదు. రాయ్ ఇంగ్లండ్ అని ఒక ఆస్ట్రేలియా మనిషి 1925లో ఇంగ్లండుకు వచ్చి, వైట్ హార్స్ లోయ అనే చోట పాత గడ్డికప్పు ఇండ్లు ఒక్కొక్కటే మాసిపోవటం చూసినాడు. వాటిని కొలిచి, అట్టతో చిన్నగా కట్టటం మొదలు పెట్టినాడు. ఆ పని నుండే 1954లో లాంగ్ విటెన్‌హామ్ అనే పల్లెలో పెండన్ మ్యూజియం పుట్టింది. రైలు అక్కడ ఒక భాగం, ఊరు అసలు విషయం. జాన్ ఆహెర్న్ అనే ఇంకో మనిషి ఊహలో ఉన్న ఊరికి ఊహలోని రైలు వేసి మ్యాడర్ వ్యాలీ అని పేరు పెట్టినాడు. అది కూడా ఇప్పుడు పెండన్‌లోనే ఉంది. ఒకాయన ఉన్నది ఉన్నట్టు కట్టినాడు, ఒకాయన తనకు కావలసినట్టు కట్టినాడు. రెండూ తప్పు కాదు. మన దేశంలో పుణేలో జోషీ కుటుంబం వాళ్ల చిన్న రైళ్ల మ్యూజియం 1998 నుండి నడుస్తున్నది. మహారాష్ట్రలో ఉన్న మన వాళ్లు ఒకసారి పిల్లలతో పోయి చూడండి.

మేము కట్టేటప్పుడు మొదట పట్టా పరిచి, చెట్టూ చేమా ఏమీ పెట్టకుండా, వారం రోజులు రైలు తిప్పినాము. సాఫ్ట్‌వేర్ తప్పులు వెతికే ఉద్యోగం కదా, అలవాటు పోదు. ఒక అతుకు దగ్గర ఇంజన్ ప్రతిసారీ పడింది. చక్రం కింద అర మిల్లీమీటర్ ఎత్తు ఉండింది, అంతే. జిగురు వేసినాక తెలిసుంటే అంతా పీకాల్సి వచ్చేది. తరువాత గుడ్ల ట్రే అట్ట చింపి రాతి గోడలు, మందం కాగితం గీతలు పెట్టి పెంకులు చేసినాము. క్రషర్ పొడిని పిండి జల్లెడతో జల్లించి పట్టాల కింద కంకర వేసినాము. పాత కేబుల్ రాగి తీగలు మెలి తిప్పితే చింతచెట్టు కొమ్మలు, ఎండిన బీరకాయ పీచుకు రంగు వేస్తే ఆకు. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి, ఒక చుక్క పాత్రలు కడిగే సబ్బు వేస్తే అన్నీ పట్టుకుంటాయి.

నేల కోసం మాత్రం బయట నుండి పచ్చ గడ్డి పొడి పొట్లాలు తెప్పించినాము. అది మొదటి తప్పు. అంతా పరిచి అవ్వను పైకి పిలుచుకొని వచ్చినాము. ఆమె కండ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "ఇది ఏ ఊరప్పా?" అనింది.

"నంది అవ్వా, నీ టేషను."

"మన నేల ఇంత పచ్చగా ఎప్పుడుండింది? ఎర్రమన్ను ఏదీ? దిగితే కాళ్లకు, చీర అంచుకు అదే కదా అంటేది."

ఆ పొడి ఐరోపా కొండల కోసం చేసింది. మేము చూసిన వీడియోలన్నీ అక్కడివే, మా కన్ను అలా తయారయింది. అంతా గీకి తీసేసి, నంది పక్కన పొలం నుండి ఎర్రమన్ను తెచ్చి, ఎండబెట్టి, నూరి, గుడ్డలో జల్లించి వేసినాము. అప్పుడు ఊరు వచ్చింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. ప్లాట్‌ఫారం చివర పేరు బోర్డు. బల్ల మీద కాలం 1975 అని అనుకున్నాము. బోర్డు 23 మిల్లీమీటర్లు. కన్నడ, హిందీ, ఇంగ్లీషు వేసినాక కింద ఖాళీ కనిపించింది. అక్కడ తెలుగులో కూడా "నంది" అని వేసినాము. ఎవరూ చెప్పలేదు, మేమే వేసినాము, చాలా సంతోషంగా. మా బడి అంతా కన్నడంలో. తెలుగు అక్షరాలు మేము పెద్దయినాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. ఆ అక్షరాలు ఒక స్టేషన్ బోర్డు మీద, అదీ మన ఊరిలో చూడాలని ఆశ.

అవ్వకు చదువు రాదు. అయినా ఆ బోర్డు దగ్గర వేలు పెట్టింది. "ఇది మూడు వరసలు కదా ఉండింది. నాలుగోది ఏమి?" మేము చెప్పినాము. ఆమె నవ్వి, "మన మాట బోర్డు మీద ఏ పొద్దూ లేదు. నేను దిగేటప్పుడు పేరు చదివి దిగలేదు, కొండ చూసి దిగినా" అనింది.

చిన్నాయన ఒప్పుకోలేదు. "మన బల్ల, మన దుడ్డు. వేసుకుంటే ఎవరికి నష్టం?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. మ్యాడర్ వ్యాలీ అలా కట్టిందే కదా. కానీ మేము అందరికీ చెప్పుకున్నది "అవ్వ దిగిన నంది స్టేషను" అని, ఊహలోని ఊరని కాదు. రేపు మా ఇంట్లో పుట్టే పిల్లలు ఈ బల్ల చూసి, నందిలో తెలుగు బోర్డు ఉండేది, తరువాత ఎవరో తీసేసినారు అని నమ్మితే? లేని హక్కు, జరగని అన్యాయం, రెండూ ఒక్క 23 మిల్లీమీటర్ల అట్టలో పుడతాయి. మన తరాలు ఇక్కడ బతికింది అలా కాదు. కచేరిలో కన్నడం, బడిలో కన్నడం, పెట్టెలో ఎదురుగా కూర్చున్న మనిషితో ఆయనకు వచ్చిన భాష, ఇంట్లో తెలుగు. విశ్వేశ్వరయ్య గారు మైసూరు మనిషిగానే పెద్దవారయినారు. మన తెలుగు బోర్డు అడగలేదు, అయినా చావలేదు. అది చెప్పుకోవలసిన చరిత్ర. దానికి ఒక దొంగ బోర్డు అతికిస్తే అసలుది చిన్నదవుతుంది.

బోర్డు తీసినాము. కింద జిగురు మచ్చ మిగిలింది, దాని మీద ఎర్రమన్ను చల్లినాము. మూడు వరసల బోర్డు కొత్తది పెట్టినాము. చిన్నాయన రెండు రోజులు పైకి రాలేదు. మూడో రోజు వచ్చి, బోర్డు కింద ఇద్దరు ఆడవాళ్ల బొమ్మలు, పక్కన ఒక మూట, ఇద్దరు పిల్లలను నిలబెట్టినాడు. "వీళ్లు మాట్లాడేది తెలుగు" అన్నాడు. అంతకంటే మంచి పరిష్కారం మాకు తోచలేదు.

బొమ్మలు మాట్లాడవు కాబట్టి ఆ మాటలు రాసుకోవటం మొదలు పెట్టినాము. బల్ల కాలికి ఒక మేకు కొట్టి నోటు పుస్తకం తగిలించినాము. అవ్వ పైకి వచ్చినప్పుడల్లా అడిగి తెలుగులో రాస్తున్నాము. పొగబండి, చిన్న రైలు, టేషను, సిగ్నల్ చెయ్యి వాలింది. ఎవరు ఏ పెండ్లికి పోయినారు, ఏ బిడ్డను ఏ ఏడు ఎత్తుకుని వచ్చినారు, ఎవరు దిగి మళ్లీ తిరిగి పోలేదు. బల్ల చేయటానికి పదకొండు నెలలు పట్టింది. పుస్తకం నిండటానికి ఎంత పడుతుందో అవ్వ ఆరోగ్యం చెప్పాలి, అందుకే తొందర పడుతున్నాము.

ఒడిశాలో ఉన్న మన వాళ్లకు ఒక మాట. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన రైలు కూడా ఇదే రెండున్నర అడుగులది. అదీ బ్రాడ్‌గేజ్ అయిపోయింది. దాంట్లో ఎక్కిన అవ్వలు, తాతలు మీ ఇండ్లలో ఇంకా ఉంటారు. బల్ల కట్టకపోయినా పరవాలేదు. స్టేషన్ కట్టడం నిలిచి ఉంటే పోయి కొలిచి పెట్టుకోండి. నేల రంగు ఏమిటని, బోర్డు మీద ఎన్ని వరసలని పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది మీకు నచ్చకపోయినా అలాగే రాయండి.

మా రైలు ఇప్పుడు బాగానే తిరుగుతున్నది. కొండ అట్ట వెనక్కి పోయి కాసేపు కనిపించదు. అప్పుడు అవ్వ, "శిడ్లఘట్ట... చింతామణి..." అని తన పుట్టింటి వైపు లెక్క పెడుతుంది. ఇటు పక్క నుండి ఇంజన్ బయటికి వచ్చేసరికి, "అప్పుడే వచ్చేసిందా?" అని అడుగుతుంది.