మూత్రాశయం తీసేశాక బతుకు

1887లో జర్మనీలోని కొలోన్‌లో బార్డెన్‌హ్యూయర్ అనే సర్జన్ క్యాన్సర్ సోకిన మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించాడు. రోగి రెండు వారాలే బతికాడు. కోయడం ఒక కష్టమైతే, కిడ్నీల నుంచి క్షణం ఆగకుండా దిగే మూత్రాన్ని ఎటు పంపాలన్నది అంతకు మించిన చిక్కు.

అప్పటికి ఉన్న దారి ఒకటే. 1852లో లండన్‌లో జాన్ సైమన్, మూత్రాశయ లోపంతో పుట్టిన ఒక రోగికి యురేటర్లను (కిడ్నీల నుంచి మూత్రం తెచ్చే గొట్టాలను) పెద్దపేగు చివరికి మళ్లించాడు. క్యాన్సర్ రోగులకూ చాలాకాలం అదే గతి అయింది. ఒంటి మీద సంచి ఉండదు, చూసేవాళ్లకు ఏమీ తెలియదు. కానీ మలంలోని సూక్ష్మజీవులు కిడ్నీలకు ఎగబాకేవి. రక్తంలో ఆమ్లం పెరిగేది. కొందరికి ఏళ్ల తర్వాత ఆ అతుకు దగ్గరే మళ్లీ క్యాన్సర్ పుట్టింది.

1950లో అమెరికాలో యూజీన్ బ్రికర్ చెప్పిన పద్ధతి ఈ కథను మలుపు తిప్పింది. చిన్నపేగులో జానెడు ముక్క తీసి, యురేటర్లను దానికి కలిపి, రెండో కొసను పొట్ట మీద తెరిచి (ఆ రంధ్రమే స్టోమా), అక్కడ సంచి అంటిస్తారు. ప్రపంచంలో నేటికీ ఎక్కువమందికి చేస్తున్నది ఇదే. ప్రాణం నిలిచింది గానీ కారే సంచి, వాసన, నలుగురిలో కూర్చోవాలంటే బెరుకు మిగిలాయి. వీటికి జవాబు ఆపరేషన్ థియేటర్ నుంచి రాలేదు. పేగు జబ్బుతో పొట్ట మీద స్టోమాతో బతుకుతున్న నార్మా గిల్‌ను, ఆమెకు ఆపరేషన్ చేసిన రూపర్ట్ టర్న్‌బుల్ 1958లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఉద్యోగంలోకి తీసుకున్నాడు. సంచి ఎలా అంటించాలో, చర్మం ఒరుసుకుపోకుండా ఎలా చూసుకోవాలో అనుభవించిన మనిషే నేర్పింది. ఆ ఉద్యోగం ఏ గొప్ప శస్త్రచికిత్సకూ తీసిపోదని నా నమ్మకం.

సంచి లేకుండా చేయాలన్న పట్టుదల ఫ్రాన్స్‌లో కమే, ఆ తర్వాత 1980లలో బెర్న్‌లో స్టూడర్, ఉల్మ్‌లో హాట్‌మన్ చేతుల్లో ఫలించింది. చిన్నపేగులో అర మీటరుకు పైగా తీసి, తిత్తిలా కుట్టి, పాత మూత్రాశయం ఉన్నచోటే పెడతారు. మూత్రం మామూలు దారినే వస్తుంది. అయితే పేగుకు మూత్రం నిండిందని చెప్పే తెలివి లేదు. గడియారం చూసి వెళ్లాలి, రాత్రి అలారం పెట్టుకుని లేవాలి. లేకపోతే పక్క తడుస్తుంది. కొందరు స్త్రీలకు పూర్తిగా ఖాళీ కాక, రోజూ గొట్టం పెట్టుకోవాల్సి వస్తుంది.

పైపొరలోనే ఉన్న గడ్డల కథ వేరు. 1976లో కెనడాలో మొరాలెస్ క్షయ టీకా బీసీజీని మూత్రాశయంలోకి ఎక్కించి చూపాక ఎందరికో ఆ అవయవం దక్కింది. మంట, మాటిమాటికీ బాత్రూమ్‌కి పరుగు, ఏళ్ల తరబడి కెమెరా పరీక్షలు మాత్రం తప్పవు.

రోగి ఎలా ఉన్నాడని పద్ధతిగా అడగడం చాలా ఆలస్యంగా మొదలైంది. క్యాన్సర్ రోగుల కోసం యూరప్‌లో తయారైన ప్రశ్నావళి 1993లో వెలువడింది. పేగు తిత్తి ఉన్నవాళ్లే సుఖంగా ఉంటారని సర్జన్లు అనుకున్నారు. పోల్చి చూస్తే తేడా అంత స్పష్టంగా తేలలేదు. తిత్తి పెట్టింది ఎక్కువగా వయసులో చిన్నవాళ్లకు, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు. సంచితో ఉన్నవాళ్లలో చాలామంది దానికి అలవాటుపడ్డారు.

2012లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ పరిశోధనలో 360 మందికి మూత్రాశయం ఉంచే రేడియేషన్ ఇచ్చారు, వారిలో సగం మందికి కీమో కూడా. చికిత్స ముగిసేనాటికి జీవన నాణ్యత పడిపోయి, ఆరు నెలలకు మునుపటి స్థాయికి వచ్చింది. కీమో తోడైనందువల్ల అది మరింత దిగజారలేదు. రోబో సాయంతో మూత్రాశయం తీసే ఆపరేషన్ మీద 2022లో వచ్చిన అధ్యయనంలో, మొదటి 90 రోజుల్లో ఆసుపత్రి బయట గడిపినవి రోబో వాళ్లకు 82 రోజులు, మామూలు కోతవాళ్లకు 80.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అవసరమైతే, ముందుగా డాక్టర్‌ని అన్ని దారులూ వివరించమనండి. స్టోమా పెట్టే చోటును కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూసి గుర్తు పెట్టమనండి. చీర కుచ్చిళ్లు దోపే చోటు, పంచె బిగించే చోటు ముందే చూపించండి.