ప్రాణం దక్కిన తర్వాత పోయే కండబలం - కొంత చరిత్ర

మన ఉస్మాన్‌గంజ్ నుంచి నడిచిపోయే దూరంలోనే ఉస్మానియా దవాఖాన కలదు. 1908 సెప్టెంబరు మూసీ వరద అఫ్జల్‌గంజ్‌లోని పాత దవాఖానను నాశనము చేయగా, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఈ పెద్ద భవనం లేచినది. వరదకు ముందే, 1888, 1889లలో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇదే నగరంలో క్లోరోఫారం కమిషన్లు జరిపించెను. మత్తు ఇచ్చేటప్పుడు ముందుగా ఊపిరిని కనిపెట్టవలెనని వారు చెప్పిరి. క్లోరోఫారం గుండెకూ అపాయమని తర్వాత తేలినా, ఊపిరిని కనిపెట్టమన్న మాట మాత్రం మంచిదే.

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వ్యాపించినది. ఊపిరి ఆడని రోగులకు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ గొంతులో గొట్టం పెట్టించి, చేతి సంచితో గాలి ఇప్పించెను. వైద్య విద్యార్థులు రాత్రింబవళ్ళు వంతులవారీగా ఆ సంచిని నొక్కిరి. ఇంటెన్సివ్ కేర్ వార్డులకు పునాది ఇదే.

ప్రాణాలు దక్కసాగినవి గాని కొత్త చిక్కు వచ్చి పడినది. జబ్బు తగ్గినా కొందరు యంత్రం లేకుండా ఊపిరి పీల్చలేరు, కాళ్ళు కదపలేరు. 1984లో కెనడాకు చెందిన డాక్టర్ చార్లెస్ బోల్టన్ బృందం అటువంటి ఐదుగురిని పరీక్షించి, తీవ్రమైన జబ్బే నరాలను దెబ్బతీస్తుందని చూపినది. 2013లో లండన్ పరిశోధకులు 63 మంది రోగులను కొలిచి చూడగా, తొడ కండరం పది రోజుల్లోనే సుమారు 18 శాతం తగ్గినది. ఒళ్ళంతా పాకిన ఇన్‌ఫెక్షన్, కదలిక లేని పడక దీనికి ముఖ్య కారణాలు. పెద్దవారికి కండ ముందే తక్కువ కనుక దెబ్బ ఎక్కువ.

ఇళ్ళల్లో మనమేమంటాం? "పక్షవాతం వచ్చింది" అనో, "బుజుర్గులు కదా, ఇక మంచమే" అనో అంటాం. ఇది సరికాదు. 2009లో అమెరికాలో, రోజూ మత్తు ఆపి, యంత్రం మీద ఉండగానే వ్యాయామం మొదలుపెట్టిన రోగులలో 59 శాతం మంది ఆసుపత్రి విడిచేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగిరి. ఆలస్యంగా మొదలుపెట్టినవారిలో ఇది 35 శాతమే.

కనుక మత్తు ఎప్పుడు తగ్గిస్తారు, ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలవుతుంది అని డాక్టరును అడగండి. వారు చెప్పకుండా రోగిని లేపవద్దు. ఇంటికి వచ్చాక గుడ్డు, పప్పు, పాలు, రోజూ నాలుగడుగులు, ఇవన్నీ డాక్టరు సలహాతో నెలల తరబడి సాగాలి.

2025 జనవరిలో మన పక్కనే గోషామహల్‌లో కొత్త ఉస్మానియా భవనానికి శంకుస్థాపన జరిగినది. అక్కడ మంచాలెన్ని అని అందరూ అడుగుతారు. మంచం నుంచి లేపి నడిపించేవారు ఎందరని మన సంఘం అడగవలెను.