మహమ్మారి, చట్టం, సమ్మతి: ప్లేగు నివారణపై వివాదం (1896–1907)

ఉపోద్ఘాతం

తెలుగువారు మశూచిని 'అమ్మవారు' అన్నారు. కలరాకు తెలంగాణలో 'గత్తర' అన్న పేరు స్థిరపడింది. ఈ రెండు వ్యాధులూ జనజీవితంలో తరతరాలుగా మసలి, తమకంటూ పేర్లనూ మొక్కుబడులనూ జాతరలనూ సంపాదించుకొన్నాయి. ప్లేగు అలా రాలేదు. పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాల్లో అది రైలుపెట్టెలతో, తనిఖీ అధికారులతో, ప్రభుత్వ ప్రకటనలతో కలిసి వచ్చింది. పేరు కూడా వారు పెట్టిందే నిలిచింది. సంస్కృత 'మహామారి' నుంచి వచ్చిన 'మహమ్మారి' ఏ ఉపద్రవానికైనా చెల్లే సామాన్య పదమైంది. ఈ వ్యాధికి మాత్రం 'ప్లేగు' అన్నదే వాడుక. ఒక వ్యాధినీ దాన్ని అదుపు చేయడానికి వచ్చిన అధికారాన్నీ ప్రజలు ఒకే సమయంలో ఎదుర్కోవలసి రావడమే ఆనాటి వివాదానికి మూలం.

ఈ వివాదాన్ని చరిత్ర రచనలో సాధారణంగా రెండు విధాలుగా చెబుతూ వచ్చారు. ఆధునిక వైద్యాన్ని మూఢవిశ్వాసం అడ్డగించిందన్నది ఒకటి. విదేశీ పాలనపై జాతీయ తిరుగుబాటుకు ఇది నాంది అన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఆనాటి వాదప్రతివాదాల్లో మూడు వేర్వేరు ప్రశ్నలు పెనవేసుకొని ఉన్నాయి. వ్యాధి ఎలా వ్యాపిస్తుంది? దాన్ని అరికట్టే పేరుతో అధికారం ఇంటి గడప దాటి ఎంతదూరం రావచ్చు? ఆ అధికారం పొరబడితే జవాబు చెప్పవలసింది ఎవరు? ఈ మూడింటినీ విడదీసి చూస్తేనే ఎవరు ఏ విషయంలో సరైనవారో, ఎవరు ఎక్కడ పొరబడ్డారో తేలుతుంది.

వ్యాధి నిర్ధారణ, వాణిజ్య భయం, చట్టం

1896 సెప్టెంబరులో బొంబాయి రేవుకు దగ్గరలోని మాండ్వీలో వ్యాపిస్తున్న జ్వరాన్ని గోవాకు చెందిన వైద్యుడు, నగరపాలక సభ్యుడు అకాసియో గేబ్రియల్ వీగాస్ బుబోనిక్ ప్లేగుగా గుర్తించాడు. ధాన్యపు గిడ్డంగులూ కిక్కిరిసిన ఇళ్లూ ఉన్న ప్రాంతమది. రేవు వ్యాపారంపై బతికే నగరంలో ఆ మాట పైకి అనడమే సాహసం. ప్లేగు అని ఒప్పుకుంటే ఐరోపా రేవులు బొంబాయి ఓడలకు తలుపులు మూస్తాయి. 1897 తొలి మాసాల్లో వెనిస్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం ఈ ఒత్తిడిని మరింత పెంచింది. భారత ప్రభుత్వం కఠినచర్యలకు పూనుకోవడానికి ప్రజల ప్రాణరక్షణ ఎంత కారణమో, తాను కఠినంగా ఉన్నానని ఐరోపాకు చూపవలసిన అవసరం కూడా అంతే కారణం.

అక్టోబరులో నగరపాలక కమిషనర్ స్నో రోగులను నిర్బంధంగా ఆసుపత్రికి తరలించే ఆదేశాలు జారీచేశాడు. అదే నెల చివర మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై దాడిచేశారు. ఆసుపత్రికి వెళ్లినవారిలో అధికులు తిరిగి రాకపోవడం వారు కళ్లారా చూసిన సంగతి. నిజానికి రోగం ముదిరిన దశలోనే చాలామందిని అక్కడికి చేర్చేవారు. అందువల్ల మరణాలు అధికమయ్యాయి. ఆసుపత్రి చంపుతోందన్న నిర్ధారణ తప్పు కావచ్చు, దాని వెనుక ఉన్న పరిశీలన తప్పు కాదు. పారిశుధ్య కార్మికులు నగరం విడిచిపోతే మురికి ఎత్తేవారే ఉండరన్న భయంతో స్నో కొంత మెత్తబడ్డాడు. నిర్బంధానికి ఎదురైన తొలి అవరోధం పత్రికల విమర్శ కాదు, పాకీపని చేసేవారి చేతిలోని ఈ శక్తి.

1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం ఆమోదం పొందింది. అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. సాధారణ చట్టాలు చాలవని ప్రభుత్వం భావిస్తే తాత్కాలిక నిబంధనలు విధించవచ్చు. రైలు ప్రయాణికులను తనిఖీ చేయవచ్చు, అనుమానితులను వేరుచేయవచ్చు. నిబంధన ఉల్లంఘిస్తే భారత శిక్షాస్మృతి 188వ సెక్షను కింద శిక్ష. ఈ చట్టం కింద సద్భావంతో పనిచేసిన వారిపై దావా చెల్లదు. 'ప్రమాదకరమైన అంటువ్యాధి' అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. తనిఖీకి గురయ్యే వ్యక్తికి ఉన్న హక్కులేమిటో చెప్పలేదు. నష్టపోయినవారు ఎవరికి మొరపెట్టుకోవాలో చెప్పలేదు. తరువాతి వివాదమంతా ఈ మౌనంలోంచే పుట్టింది.

పూనా: పద్ధతిపై వాదం

1897 మార్చి నుంచి మే వరకు పూనాలో డబ్ల్యు. సి. ర్యాండ్ నాయకత్వాన బ్రిటిష్ సైనికులు ఇల్లిల్లూ గాలించారు. రోగులను ఆసుపత్రికీ, వారితో మెలగినవారిని వేర్పాటు శిబిరానికీ పంపారు. ఇళ్లలో సామాను కాల్చారు, నేలలు తవ్వారు, గోడలకు సున్నం కొట్టారు. వంటింట్లోకీ పూజగదిలోకీ బూట్లతో వచ్చిన సైనికుడు, స్త్రీల దేహపరీక్ష—ఈ రెండే పూనా ఫిర్యాదుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

బాలగంగాధర తిలక్ వైఖరిని ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. రోగులను వేరుచేయడాన్ని ఆయన సూత్రరీత్యా వ్యతిరేకించలేదు. ఊరు విడిచి పారిపోయిన పెద్దలను నిందించాడు. హిందువుల కోసం ప్లేగు ఆసుపత్రి ఏర్పాటుకు పూనుకున్నాడు. ఆయన అభ్యంతరం పద్ధతి గురించి. పండిత రమాబాయి క్రైస్తవురాలు, తిలక్‌కు అనేక విషయాల్లో ప్రత్యర్థి. ఆమె కూడా ప్లేగు ఆసుపత్రిలో స్త్రీల పరిస్థితిపై పత్రికకు లేఖ రాసింది. కనుక ఈ విమర్శను సనాతనుల గగ్గోలుగా కొట్టిపారేయడం కుదరదు. అదే సమయంలో సావిత్రీబాయి ఫూలే రోగులకు సేవచేస్తూ తానే ప్లేగుకు గురై 1897 మార్చి 10న మరణించింది. ఆమె పెంపుడు కొడుకు యశ్వంత్ నడిపిన చికిత్సాలయంలో బలవంతం లేదు, నమ్మకం ఉంది. వేర్పాటు, చికిత్స అన్నవి నిర్బంధం లేకుండా సాధ్యమేనని ఆ ప్రయత్నం చూపింది.

ఆ వేసవిలో ఇంగ్లండులో ఉన్న గోపాలకృష్ణ గోఖలే మిత్రుల లేఖల ఆధారంగా సైనికులు స్త్రీలను అవమానించారని అక్కడి పత్రికలో ఆరోపించాడు. స్వదేశానికి తిరిగివచ్చాక సాక్ష్యం చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఈ ఘట్టం ఆనాటి చర్చలోని ప్రధాన లోపాన్ని వెల్లడిస్తుంది. అవమానాన్ని నిరూపించాలంటే అవమానితురాలు కోర్టులో నిలబడాలి. నిలబడితే అవమానం రెట్టింపవుతుంది. ఫిర్యాదుకు దారి లేని చోట నిరూపణ భారం ఫిర్యాదీపైనే పడింది.

జూన్ 22న, విక్టోరియా రాణి వజ్రోత్సవ రాత్రి, చాపేకర్ సోదరులు ర్యాండ్‌నూ లెఫ్టినెంట్ ఆయర్స్ట్‌నూ కాల్చారు. ఆయర్స్ట్ అక్కడికక్కడే, ర్యాండ్ జూలై 3న మరణించారు. తిలక్‌పై రాజద్రోహ నేరం మోపి పద్దెనిమిది నెలల కఠిన కారాగారశిక్ష విధించారు. అభియోగానికి ఆధారంగా చూపిన 'కేసరి' రచనల్లో ప్రధానమైనది శివాజీ ఉత్సవానికి సంబంధించినది. ఆరోగ్య విధానంపై చర్చ ఆ విధంగా రాజభక్తిపై విచారణగా మారిపోయింది.

రాయనివారి వాదం

పత్రికల్లో వాదించినవారు విద్యావంతులు. మిల్లు కూలీలు, నేతపనివారు, తోలుపనివారు తమ వాదాన్ని వేరే రూపాల్లో వినిపించారు. 1898 మార్చి 9న బొంబాయి మదన్‌పురాలో ముస్లిం నేతపనివారి వాడకు ప్లేగు సిబ్బంది వచ్చి ఒక యువతిని పరీక్షించబోగా అల్లర్లు చెలరేగాయి. తరువాత సమ్మె జరిగింది. ఆ సంవత్సరమే కలకత్తాలో, 1900 ఏప్రిల్‌లో కాన్పూరులో ఘర్షణలు జరిగాయి. కాన్పూరులో జనం వేర్పాటు శిబిరంపైనే దాడిచేశారు. ఆసుపత్రుల్లో రోగుల దేహాల నుంచి మందు తీస్తున్నారన్న వదంతులు ఊరూరా తిరిగాయి. వీరి మాటలు అధికారుల నివేదికల ద్వారా తప్ప ఇప్పుడు దొరకవు. ఆ నివేదికలు వదంతిని అజ్ఞానానికి నిదర్శనంగా నమోదు చేశాయి. రోగి శరీరం తనదో ప్రభుత్వానిదో అన్న సందేహాన్ని వదంతి తనదైన భాషలో పలికిందని గుర్తిస్తే, అవే నివేదికలు మరోలా చదవడానికి వీలవుతుంది.

శాస్త్రం తెలుసుకోనిది, జనం గమనించింది

1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ ప్లేగు సూక్ష్మజీవిని గుర్తించాడు. అది మనిషికి ఎలా చేరుతుందో మాత్రం అప్పటికి తేలలేదు. మురికి నేల, గాలి వెలుతురు లేని ఇల్లు, రోగి వస్త్రాలు కారణమని అధికారులు భావించారు. అందుకే నేలలు తవ్వారు, వస్త్రాలు కాల్చారు. 1898లో కరాచీలో పాల్ లూయి సీమోఁ ఎలుకలను పట్టే మిన్నల్లి వ్యాధిని మోస్తుందని ప్రయోగంతో చూపాడు. ఏళ్ల తరబడి ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. 1905లో ఏర్పడిన పరిశోధక బృందం ప్రయోగాల తరువాతే అది స్థిరపడింది. ఈ వెలుగులో చూస్తే ఇళ్ల శుద్ధీకరణ పేరిట జరిగిన విధ్వంసంలో చాలా భాగం వ్యాధి మూలాన్ని తాకనే లేదు. ఎలుకలను కదిలించి పక్క ఇళ్లకు తరిమే ప్రమాదం కూడా అందులో ఉంది.

మరోవైపు కుమావూఁ, గఢ్వాల్ కొండప్రాంతాల్లో ఎలుకలు చచ్చిపడితే 'మహామారి' రాబోతోందని గ్రహించి ఊరు ఖాళీచేసే ఆచారం చాలాకాలంగా ఉంది. ఇల్లు విడిచి బయట పాకలు వేసుకోవడం ఉపయోగకరమని అధికారులు కూడా క్రమంగా అంగీకరించారు. ఇంటిని తవ్వడం కంటే ఇంటిని వదలడం మేలని చెప్పిన జనానుభవమే చివరకు శాస్త్రానికి దగ్గరగా నిలిచింది.

టీకా: సమ్మతికి పరీక్ష

అయితే జనాభిప్రాయం ప్రతి విషయంలోనూ సరైనదని చెప్పడానికి వీల్లేదు. వాల్డెమార్ హాఫ్కిన్ బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి 1897 జనవరి 10న మొదట తన శరీరంపైనే ప్రయోగించుకున్నాడు. తరువాత బైకుల్లా జైలులో పరీక్షించాడు. అది పరిపూర్ణ రక్షణ ఇవ్వకపోయినా వ్యాధినీ మరణాన్నీ గణనీయంగా తగ్గించింది. దాన్ని తిరస్కరించినవారు మూల్యం చెల్లించారు.

తిరస్కారానికి 1902లో ఒక బలమైన కారణం దొరికింది. ఆ అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ఒకే సీసా నుంచి టీకా వేసిన 19 మంది ధనుర్వాతంతో మరణించారు. ప్రభుత్వం హాఫ్కిన్‌ను బాధ్యుణ్ణి చేసి పదవి నుంచి తొలగించింది. సీసా తెరిచేటప్పుడు సహాయకుడి చేతిలోని పట్టకారు నేలపై పడిందనీ, దాన్ని సరిగా శుద్ధి చేయలేదనీ విచారణలో వచ్చిన సాక్ష్యానికి తగిన విలువ దక్కలేదు. రొనాల్డ్ రాస్ తదితర శాస్త్రవేత్తలు 1907లో 'టైమ్స్' పత్రికలో వాదించిన తరువాతే హాఫ్కిన్ నిర్దోషిగా తేలాడు. ర్యాండ్ అధికారానికి విచారణ లేదు. హాఫ్కిన్ శాస్త్రానికి న్యాయమైన విచారణ దక్కలేదు. రెండు చోట్లా నష్టపోయింది ప్రజల విశ్వాసమే.

తెలుగు ప్రాంతాలకు సంబంధం

మద్రాసు రాజధానిలో మైసూరు, బొంబాయి సరిహద్దులకు చేరువలోని బళ్ళారి వంటి జిల్లాలు ప్లేగుకు ఎక్కువగా గురయ్యాయి. కోస్తా తెలుగు జిల్లాలు చాలావరకు తప్పించుకున్నాయి. అయినా నిఘా అందరినీ తాకింది. వ్యాధిగ్రస్త ప్రాంతాల నుంచి వచ్చేవారు 'ప్లేగు పాసుపోర్టు' తీసుకొని, గమ్యం చేరాక పది రోజులపాటు అధికారుల ఎదుట హాజరు కావలసి ఉండేది. బెంగుళూరులో ప్లేగు అమ్మకు గుళ్లు వెలిశాయి. పేరులేని వ్యాధికి జనం చివరకు అమ్మవారి పేరే తగిలించారు. హైదరాబాదు నగరం 1911లో ప్లేగుకు తీవ్రంగా గురైంది. 1908 మూసీ వరద తరువాత మూడేళ్లకే వచ్చిన ఈ దెబ్బ 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పాటుకు దోహదం చేసింది. మురికివాడల తొలగింపు, కొత్త ఇళ్ల నిర్మాణం అక్కడ ప్లేగు నివారణ రూపం దాల్చాయి. దేశభాషా పత్రికల సారాంశాలను మద్రాసు ప్రభుత్వం ఎప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్పించి గోప్యంగా అచ్చువేయించేది. ఆ సంపుటాలను మూల తెలుగు పత్రికలతో సరిపోల్చి చదవడం ఈ విషయంలో చేయదగిన పరిశోధన.

ముగింపు

ఇరవయ్యో శతాబ్దం ఆరంభానికి ప్రభుత్వం నిర్బంధ తనిఖీలను చాలావరకు వదులుకుంది. ఆ మార్పుకు పత్రికల విమర్శ, వీధుల్లోని ప్రతిఘటన, నిర్బంధం ఫలించలేదన్న అనుభవం కలిసి కారణమయ్యాయి. ఆ లోగా, ఆ తరువాతా కోటికి పైగా ప్రాణాలు పోయాయి. అధికారం తనకు తెలియని విషయంలో తెలిసినట్లు ప్రవర్తించింది. దానివల్ల నిజంగా తెలిసిన టీకా విషయంలోనూ జనం దాని మాట వినలేదు. ఆ వివాదం మిగిల్చిన ప్రధాన పాఠం ఇదే.

విధానం మారింది కానీ చట్టం మారలేదు. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కోవిడ్ నిబంధనలు విధించింది 1897 చట్టం కిందనే. ఆ ఏడాది ఏప్రిల్ 22న ఆర్డినెన్సు ద్వారా, సెప్టెంబరులో పార్లమెంటు ద్వారా దాన్ని సవరించారు. వైద్య సిబ్బందిపై దాడులకు కఠినశిక్షలు చేర్చారు. అది అవసరమైన రక్షణే. రోగి హక్కులు, సమ్మతి, పొరపాటుకు పరిహారం అన్న అంశాలు మాత్రం అప్పుడూ చట్టంలోకి రాలేదు. పూనా స్త్రీలు ఎవరికి చెప్పుకోవాలో తెలియక మౌనంగా ఉండిపోయిన చోటే ఆ చట్టం నూట ఇరవై మూడేళ్ల తరువాత కూడా నిలిచి ఉంది.