పాలనుండి పుట్టిన పదములు

వేకువనే మన వాకిట వినవచ్చు మొదటి మాటలలో ‘పాలు’ ఒకటి. ఆ పాలే రసాయనశాలలో ప్రవేశించి అనేక పదములకు తల్లియైనవి. లాటిను భాషలో పాలకు ‘లాక్’ అని పేరు. ప్రత్యయములు చేరునపుడు అది ‘లాక్ట్’ అగును. గ్రీకులో ‘గాల’, అది ‘గాలక్ట్’ అగును. ఐరోపా శాస్త్రజ్ఞులు ఈ రెండు గిన్నెలనుండియు పేర్లు తోడుకొనిరి.

తోడు వేసిన పాలు పులియునని మన గృహిణులకు ఎవరును చెప్పనక్కరలేదు. ఆ పులుపునకు మూలమైన ఆమ్లమును పులిసిన పాలనుండి 1780లో స్వీడను రసాయనవేత్త షీలే వేరుపరచెను. అదియే లాక్టిక్ ఆమ్లము. తరువాత ఆ దేశమువాడే యగు బెర్జీలియసు దానిని మాంసమునందును కనుగొనెను. 1857లో పాశ్చరు ఈ పులియుట సూక్ష్మజీవుల పని యని చూపెను. ఇంత తెలిసినను పేరు మారలేదు. పరుగెత్తువాని కండరములలో పుట్టు ఆమ్లమును గూడ నేటికిని పాల పేరుతోనే పిలుచుచున్నాము.

పాల తీపికి మూలమైన చక్కెర లాక్టోజు. అది విడిపోయినచో గ్లూకోజు, గాలక్టోజు అను రెండు చక్కెరలు వచ్చును. ఈ రెండవదానిని 1856లో పరిశీలించిన పాశ్చరు దానికే ‘లాక్టోజు’ అని పేరిడెను. 1860లో బెర్తెలో దానిని గాలక్టోజుగా మార్చెను. ఇట్లు తల్లికి లాటిను పేరును, బిడ్డకు గ్రీకు పేరును నిలిచినవి. అర్థము మాత్రము రెండింటికిని పాలే.

లాక్టోజును మన ప్రేగులలో విడగొట్టు ఎంజైము లాక్టేజు. పేరులో భేదము స్వల్పము. పనిలో భేదము చాల గొప్పది. శైశవము గడచిన పిదప అనేకులలో లాక్టేజు తగ్గును. అట్టివారికి పాలు త్రాగిన కడుపుబ్బరము కలుగవచ్చును. పెరుగులో సూక్ష్మజీవులు ఆ చక్కెరను కొంత ముందే వాడుకొనును గనుక, పాలు పడనివారిలో పలువురికి పెరుగు పడును. వైద్యుని నోట ఈ మాటలు విన్నపుడు ఏది చక్కెరయో, ఏది దానిని విడగొట్టునదియో తెలిసియుండుట మేలు.

పాలలోని ముఖ్యమైన మాంసకృత్తు కేసీను. లాటినులో ‘కాసియస్’ అనగా పాలవిరుగుతో చేయు చీజు. అందుండి ఈ పేరు వచ్చినది.

ఇక ఆకాశమునకు పోదము. ‘గెలాక్సీ’ అను పదమును గ్రీకుల ‘గాల’ సంతతియే. హేరా దేవి చనుబాలు ఒలికి ఆ తెల్లని చార ఏర్పడెనని వారి పురాణగాథ. అది అసంఖ్యాకములగు నక్షత్రముల గుంపని గెలీలియో దూరదర్శినితో చూచి 1610లో ప్రకటించెను. మన తెలుగువారికిని అది పాలపుంతయే. పుంత యనగా బాట.

వస్తువును మానవుడు మొదట ఎక్కడ చూచెనో పేరు చెప్పును. అది ఇంకను ఎక్కడెక్కడ నున్నదో చెప్పవలసినది శాస్త్రము.