వజ్రానికి ఊరేది?

ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ తన యాత్రల పుస్తకాన్ని పారిస్‌లో అచ్చు వేయించింది 1676లో. సుమారు 350 ఏళ్ల కిందటి మాట. తెలుగు నేల మీద వజ్రాలు ఎలా తవ్వారో, ఎలా అమ్మారో కళ్లారా చూసి అంత ముచ్చటగా రాసినవాళ్లు తక్కువ. ఆయన గుర్తుకు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. రాజమహేంద్రవరంలో నగల కొట్ల అద్దాల వెనక ఇప్పుడు ‘ల్యాబ్ గ్రోన్’ అని చీటీ కట్టిన ఉంగరాలు కనిపిస్తున్నాయి. వాటిని చూసి పెళ్లివారిళ్లలో చిన్న చిన్న పేచీలు మొదలయ్యాయి. “ఇదీ వజ్రమే అమ్మమ్మా” అని మనవరాలంటే, “మిషన్లో చేసిందాన్ని వజ్రం అంటారేంటే?” అని ఆవిడ.

మన గోదావరి డెల్టాలో పలుగు వేస్తే తగిలేది ఒండ్రుమట్టే, వజ్రం కాదు. మాధవాయిపాలెంలో ఇంగ్లిషువాళ్లు, పాలకొల్లులో డచ్చివాళ్లు మకాం పెట్టింది ప్రధానంగా బట్టల కోసం. వజ్రాలు కృష్ణ ఒడ్డువి. మనకి దగ్గర్లో అంటే ఏలూరు అవతల మల్లవల్లిలో తవ్వారు. పదమూడో శతాబ్దం చివర్లో మోటుపల్లి ముచ్చట రాసిన మార్కో పోలో, లోయలో మాంసం ముక్కలు పడేస్తే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకొచ్చేవని కథ చెప్పాడు. ఆ తర్వాత మూడున్నర వందల ఏళ్లు ఒక్క గెంతులో దాటేద్దాం. కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లా జెల్లా కలిసి 60,000 మంది పనిచేసేవారని టావెర్నియర్ లెక్క. కాస్త పెంచి చెప్పి ఉంటాడనుకున్నా, చిన్న ఊరైతే కాదు. ఇప్పుడా కొల్లూరు పులిచింతల నీళ్ల కింద ఉంది.

నాకు ఆ పుస్తకంలో బాగా నచ్చింది గని కాదు, ఒక చెట్టు. కర్నూలు వైపు రామళ్లకోటగా పండితులు గుర్తించిన గని ఊళ్లో, నడిబజారులో పెద్ద చెట్టు. తెల్లారేసరికి వర్తకుల పిల్లలు దాని కింద చేరేవారు. పదేళ్లవాళ్ల నుంచి పదహారేళ్లవాళ్ల దాకా. ఒక పక్కన తూకపురాళ్ల సంచి, ఇంకో పక్కన మొలకి కట్టిన డబ్బు సంచి. కొందరి దగ్గర అయిదారు వందల బంగారు వరహాలు కూడా ఉండేవట! ఎవరైనా రాయి తెస్తే ముందు పెద్దకుర్రాడి చేతికివ్వాలి. వాడు చూసి పక్కవాడికి, వాడు ఆ పక్కవాడికి. చేతులన్నీ మారి రాయి మళ్లీ పెద్దవాడికి చేరేదాకా ఎవడూ నోరు విప్పడు. అప్పుడు పెద్దవాడు బేరం ఆడతాడు. ఎక్కువ పెట్టి కొన్నాడా, ఆ నష్టం వాడిదే. సాయంత్రం కొన్నవన్నీ కుప్పపోసి రంగు, బరువు, తేటదనం చూసి వేరుచేసి, పెద్ద వర్తకులకి అమ్మి లాభం పంచుకునేవారు. పెద్దకుర్రాడికి నూటికి పావు వంతు ఎక్కువ. మన పిల్లలు ఆ వయసులో ఎక్కాల పుస్తకం పట్టుకుని ఏడుస్తారు.

పెద్దవాళ్ల బేరం ఇంకో తీరు. ఎదురెదురుగా కూర్చుని, నడికట్టు గుడ్డ కింద చేతులు పట్టుకునేవారు. చెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పడితే వంద, సగం వేలైతే యాభై, కొసన పడితే పది. పశువుల సంతలో తువ్వాలు కింద సాగే బేరమే ఇది. పక్కనే కూర్చున్నవాడికీ ధర తెలీదు.

ఇక పరీక్ష. ఐరోపావాళ్లు పగటి వెలుగులో చూస్తే, మనవాళ్లు రాత్రిపూట గోడ గూట్లో లావు వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ల సందున పట్టుకుని చూసేవారట. నీలి ఛాయ అంటిందేమోనని అనుమానమొస్తే ఆకు దట్టంగా ఉన్న చెట్టు కిందకి తీసుకెళ్లేవారు. ఆ పచ్చని నీడలో నీలం దాగేది కాదు. భూతద్దాన్ని కాదు, కంటిని నమ్మిన కాలం.

1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి. అవి నాసిరకమని పాత వర్తకులు వేసిన పుకారుకి భయపడి, పోర్చుగీసువాళ్లు ఆ రాళ్లని గోవాకి తెచ్చి భారత వజ్రాలని అమ్మారని చెబుతారు. కొత్త వజ్రం మీద పాత వజ్రం చాడీలు చెప్పడం ఇవాళ మొదలైంది కాదన్నమాట. 1867 నుంచి దక్షిణాఫ్రికా. బామ్మలు ‘బ్లూ జాగర్’ అని మురిసిపోయే రవ్వలకి ఆ పేరొచ్చింది అక్కడి జాగర్స్‌ఫాంటీన్ గని నుంచే. మన వజ్రాలకి గోల్కొండ పేరు మిగిలింది, సరుకు అయిపోయింది.

వజ్రమంటే వట్టి బొగ్గుపదార్థమని రసాయన శాస్త్రవేత్త స్మిత్‌సన్ టెనెంట్ 1797లో కాల్చి చూపించాడు. బొగ్గుని వజ్రం చెయ్యడానికి మాత్రం ఇంకో నూటయాభై ఏళ్లు పట్టింది. 1955లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ చేశామని ప్రకటించింది. విపరీతమైన వేడి, ఒత్తిడి పెట్టి చేసిన నలుసులవి, నగకి పనికిరావు. ఇప్పుడు సూరత్‌లో ఎక్కువగా నడిచేది రెండో పద్ధతి, సీవీడీ. పలుచటి వజ్రపు పలకని విత్తనంగా పెట్టి, గదిలో హైడ్రోజన్, మీథేన్ వాయువులు నింపి, మైక్రోవేవ్‌లతో మండించినట్టు చేస్తారు. మీథేన్‌లోంచి విడివడిన కార్బన్ పొర మీద పొరగా పలకపై పేరుకుంటుంది. కొన్ని వారాల్లో రాయి తయారు. మీథేన్ కోనసీమవాళ్లకి కొత్త కాదు. 1995లో పాశర్లపూడిలో 65 రోజులు మండిన సహజవాయువులో ప్రధానంగా ఉన్నది అదే.

అమ్మమ్మ ప్రశ్నకి జవాబు ఇది: అదీ వజ్రమే. గట్టిదనం ఒకటే, మెరుపు ఒకటే. కొట్లో పెన్నులాంటి పరికరం ఆనిస్తే రెండింటికీ ‘వజ్రం’ అనే కూస్తుంది. ఆ పరికరానికి దొరికిపోయే అమెరికన్ డైమండ్ వేరు, ఇది వేరు. తేడా తెలియాలంటే పుట్టుక గుర్తుల్ని వెతికే పెద్ద యంత్రాలు కావాలి. చిక్కు అక్కడే వచ్చింది. గని వజ్రాల్లో చాలావాటికి నైట్రోజన్ అంటుకుని ఉంటుంది. అది దాదాపు లేని స్వచ్ఛమైన రకాన్ని టైప్ టూఏ అంటారు. నూటికి రెండు కూడా ఉండవు. లూవ్ర్ మ్యూజియం సేకరణలోని మన రీజెంట్ వజ్రం ఆ రకమే, గోల్కొండ పేరుతో వేలంలో కోట్లు పలికేవీ ఆ రకమే. సీవీడీ గదిలో పుట్టేవీ ఎక్కువగా ఆ రకమే! అందుకే జల్లెడ పట్టే యంత్రం టైప్ టూఏ రాయి కనిపిస్తే చాలు, ‘అనుమానం, ఇంకా పరీక్షించాలి’ అని పక్కన పెడుతుంది. మూడు వందల ఏళ్ల గొప్ప కాస్తా అనుమానానికి కారణమైంది.

మిగతాదంతా ఇంకా కుదుటపడని కథ. 2023 బడ్జెట్‌లో కేంద్రం ల్యాబ్ వజ్రాల విత్తనాల మీద సుంకం ఎత్తేసింది, పరిశోధనకి ఐఐటీ మద్రాసుకి నిధులిచ్చింది. ఆ జూన్‌లో మోదీ అమెరికా వెళ్లి జిల్ బైడెన్‌కి 7.5 క్యారెట్ల ల్యాబ్ వజ్రం ఇచ్చారు. గని వజ్రాల కంపెనీ డీ బీర్స్ 2018లో తనే ల్యాబ్ నగల బ్రాండు పెట్టి, 2025లో మూసేస్తున్నట్టు చెప్పింది. రేటు పడిపోయింది మరి. కొనేటప్పుడు గని రాయిలో పదో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. తిరిగి అమ్మబోతే మాత్రం స్పందన చప్పగా ఉంటుంది. పెట్టుకోవడానికైతే హాయిగా కొనుక్కోవచ్చు, దాచుకోవడానికైతే వద్దని నా సలహా. అటు రాయలసీమలో తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో తొలకరి పడగానే జనం ఇప్పటికీ వంగి రాళ్లు ఏరుతూనే ఉన్నారు.

బామ్మల కాలం ఏడు రాళ్ల దుద్దులు మార్పిడికి తీసుకెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. యంత్రం వాటిని అనుమానించిందంటే కంగారు పడనక్కర్లేదు, గోల్కొండవి అయినా అయ్యుండచ్చు. కాకపోతే తేల్చుకోవాలంటే ల్యాబుకి పంపాలి. పూర్తి రిపోర్టుకి రాళ్లని కట్టడంలోంచి ఊడదీసి విడిగా ఇవ్వాలి. బామ్మగారు ఒప్పుకుంటే.