సివంగి కథ: ఒక జాతి అంతరించిన తీరు

రాజ్యములకు చరిత్ర ఉన్నట్లే జీవజాతులకును చరిత్ర ఉన్నది. రాజ్యము ఒక్క యుద్ధముతో కూలినట్లు కనిపించినా, అందుకు కారణములు తరతరాలుగా పేరుకొని ఉంటాయి. జీవజాతుల విషయమూ అట్టిదే. మన దేశమున చీతా అంతరించిన వృత్తాంతమే ఇందుకు నిదర్శనము.

'చుక్కలు గలది' అను అర్థమిచ్చే సంస్కృత శబ్దము నుండి చీతా అను పేరు పుట్టినది. తెలుగువారు దీనిని సివంగి అన్నారు. చిరుతపులి వేరు, ఇది వేరు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన 'మానసోల్లాసము'లో చీతాలతో వేటాడు విధానము వర్ణింపబడినది. అక్బరు చక్రవర్తి వేయి చీతాలను సేకరించెనని ఆయన కుమారుడు జహంగీరు తన స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. అయితే ఈ జంతువు బంధనములో సంతానమును కనుట అరుదు. 1613లో తన ఆస్థానమున ఒక చీతా మూడు పిల్లలను ఈనగా, జహంగీరు దానిని వింతగా నమోదు చేసెను. కనుక రాజుల వేటకు కావలసిన ప్రతి చీతానూ అడవి నుండియే పట్టి తేవలసి వచ్చెడిది. ఆ విధంగా పిల్లలను కనవలసిన తల్లులు శతాబ్దాల తరబడి మైదానములకు దూరమైనవి.

ఆంగ్లేయుల పాలనలో చీతాను చంపినవారికి బహుమానములు లభించినవి. గడ్డిభూములు సాగుభూములుగా మారినవి. దాని ఆహారమైన కృష్ణజింకలు తరిగిపోయినవి. 20వ శతాబ్దారంభము నాటికి కొల్హాపురము, భావనగరము వంటి సంస్థానములు వేటకై ఆఫ్రికా నుండి చీతాలను తెప్పించుకొనవలసి వచ్చెను. 1947లో కొరియా సంస్థానాధీశుడు మూడు చీతాలను కాల్చి చంపెను. 1952లో ప్రభుత్వము ఆ జాతి దేశమున అంతరించినదని ప్రకటించెను.

ఇది బయటి ఒత్తిడి కథ. దీనికి లోపలి కథ ఒకటి ఉన్నది. సుమారు పదివేల సంవత్సరముల క్రితము, మంచుయుగము ముగియునప్పుడు, చీతాల సంఖ్య దారుణముగా పడిపోయినదని శాస్త్రజ్ఞుల అంచనా. మిగిలిన కొద్దింటి సంతానమే తరువాతి చీతాలన్నియు. అందుచేత వాటి జన్యువులలో వైవిధ్యము బహుస్వల్పము. 1980 దశకమున ఒక చీతా చర్మమును బంధుత్వము లేని వేరొక చీతాకు అతికించగా, ఆ శరీరము దానిని పరాయిదిగా తిరస్కరించలేదు. అదే దశకమున అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రములో ఒక వన్యమృగ ఉద్యానమున అంటురోగము సోకి చీతాలలో సగానికి పైగా మరణించగా, అచ్చటి సింహములు తట్టుకొని నిలిచినవి.

అయినను జన్యువైవిధ్యము తక్కువైనంత మాత్రాన జాతి నశించదు. అదే లోపముతో చీతా వేల ఏండ్లు జీవించినది. వైవిధ్యము ఇంటిలోని ధాన్యపు గాదె వంటిది. పంటలు పండినంత కాలము దాని విలువ తెలియదు. కరవు వచ్చిననాడే తెలియును. వేట, ఆవాసనాశనము ఒక్కసారి మీదపడినప్పుడు, గాదె ఖాళీగా ఉన్న జాతికి నిలదొక్కుకొను శక్తి తగ్గును. సంఖ్య తగ్గినకొలది దగ్గరి బంధువుల మధ్యనే సంతానము కలిగి, మిగిలిన వైవిధ్యమును తరుగుచుండును.

2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి ఎనిమిది చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనోకు వచ్చినవి; 2023లో దక్షిణాఫ్రికా నుండి పండ్రెండు వచ్చినవి. అచ్చట పిల్లలు కూడ పుట్టినవి. సంతోషమే. కాని ఇవి ఆఫ్రికా శాఖకు చెందినవి. ఆసియా శాఖ వేల సంవత్సరముల క్రితమే దీని నుండి విడివడినది. నేడది ఇరాన్‌లో కొద్దిపాటిగా మాత్రమే మిగిలినది. సోమేశ్వరుడు చూచిన సివంగి మరలిరాలేదు.

చీతా తిరిగిన గడ్డిభూములలోనే బట్టమేక పిట్టయు జీవించినది. దాని రక్షణకు 1988లో నాటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యము ఏర్పడినది. నేడు దేశమంతటను ఆ పక్షులు రెండు వందల లోపే. ఒక జాతిని పదిమంది మిగిలినప్పుడు కాక, పదివేలు ఉన్నప్పుడే కాపాడవలెనని సివంగి చరిత్ర నేర్పుచున్నది. ఈ పాఠమును విద్యార్థిలోకము మరువరాదు.